పైథాన్‌లో ఎవరూ పట్టుకోని ఎర్రర్లు: ఎక్సెప్ట్‌హుక్ కుటుంబం రివ్యూ

నమస్తే అండీ. ముందు స్క్రీన్ మీద ఈ లాగ్ ఫైల్, అంటే ప్రోగ్రామ్ తనకి జరిగింది రాసిపెట్టే ఫైల్, చూడండి. తేదీ ఉంది, టైమ్ ఉంది, "క్రిటికల్" అని కూడా ఉంది. దాని కింద అసలు ఎర్రర్ ఉండాల్సిన చోట "నన్‌టైప్: నన్", అంటే "ఏమీ లేదు" అని. అంతే! ప్రోగ్రామ్ పోయిందని చెప్తోంది, ఎందుకు పోయిందో చెప్పట్లేదు. ఈ ఒక్క లైన్ నాకో ఆదివారం మొత్తం తినేసింది.

ఇవాళ రివ్యూకి తీసుకున్నది పైథాన్‌తో పాటే వచ్చే సిస్ డాట్ ఎక్సెప్ట్‌హుక్, దాని అన్నదమ్ములు. ఎర్రర్‌ని పట్టుకునే ట్రై, ఎక్సెప్ట్ మనం పెట్టని చోట ఎర్రర్ వస్తే, చివర్లో పైథాన్ పిలిచే ఫంక్షన్ ఇది. మామూలుగా ట్రేస్‌బ్యాక్‌ని, అంటే ఎర్రర్ ఏ లైన్లో ఎలా వచ్చిందో చెప్పే జాబితాని, ఎస్‌టీడీఎర్ మీద, అంటే కమాండ్లు కొట్టే ఆ నల్ల కిటికీలో, ప్రింట్ చేసి ఊరుకుంటుంది. దాని స్థానంలో మన ఫంక్షన్ పెడితే లాగ్‌లోకి రాసుకోవచ్చు.

నాకు దీంతో పనెందుకు పడిందంటే, మా బాబాయి ఎరువుల కొట్టుకి టికింటర్‌లో, అంటే విండోలు, బటన్లు చేసే పైథాన్ లైబ్రరీలో, చిన్న బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చా. నల్ల కిటికీ కనిపిస్తే ఆయనకి చిరాకు, అందుకని ఆ కిటికీ తెరవకుండా ప్రోగ్రామ్ నడిపే పైథాన్‌డబ్ల్యూతో నడిపా. దాంట్లో ఎస్‌టీడీఎర్ అనేదే ఉండదు, ఆ విలువ నన్. ట్రేస్‌బ్యాక్ పోయేది గాల్లోకే. వారం తిరక్కుండా ఫోను. "ఒరేయ్, బిల్లు బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదురా."

సరే, ఎక్సెప్ట్‌హుక్ పెట్టా. ఒక రోజు సెట్టింగుల ఫైల్ దొరక్క ప్రోగ్రామ్ తెరుచుకునేటప్పుడే పడిపోయింది, హుక్ పలికింది, లాగ్‌లో మీరిందాక చూసిన లైన్ పడింది. తప్పు నాదే. లాగ్ రాసే లాగర్‌కి, ఎర్రర్ వివరాలు కూడా రాయమని చెప్పే ఎక్స్‌సీ ఇన్ఫో ఈక్వల్స్ ట్రూ అని ఇచ్చా. అలా ఇస్తే అది "ఇప్పుడు ఏ ఎక్సెప్ట్ బ్లాక్‌లో ఉన్నాం, ఏ ఎర్రర్ నడుస్తోంది" అని వెతుకుతుంది. కానీ ఈ హుక్ పిలిచే వేళకి మనం ఏ ఎక్సెప్ట్‌లోనూ లేం. హుక్‌కి చేతికిచ్చిన మూడు ముక్కలు, టైపు, విలువ, ట్రేస్‌బ్యాక్, వాటినే టపుల్‌గా, అంటే ఒకే మూటగా, కట్టి ఎక్స్‌సీ ఇన్ఫోకి ఇవ్వాలి. ఇచ్చాక మొత్తం వచ్చేసింది.

అయినా బటన్ సంగతి తేలలేదు! ఎందుకంటే బటన్ నొక్కినప్పుడు వచ్చే ఎర్రర్‌ని టికింటర్ తనే పట్టేసుకుంటుంది. దాని సొంత ఫంక్షన్ వేరే ఉంది, రిపోర్ట్ కాల్‌బ్యాక్ ఎక్సెప్షన్ అని. విండో మూతపడదు, దాన్ని నడిపే మెయిన్‌లూప్ ఆగదు, బాబాయికి మాత్రం బటన్ చచ్చినట్టుంటుంది. ఆ ఫంక్షన్‌కి కూడా మన లాగర్‌ని తగిలించాలి. ఇక్కడో తమాషా: ఇందులో ట్రూ అని రాసినా పనిచేస్తుంది, టికింటర్ దీన్ని ఎక్సెప్ట్ లోపలి నుంచే పిలుస్తుంది కాబట్టి. ఒకచోట పనిచేసిన కోడ్‌ని కాపీ కొట్టి ఇంకోచోట పెట్టేవాళ్లం ఇలాగే దొరికిపోతాం.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన బగ్. నచ్చింది అంటే, అయిపోయాక నచ్చింది. రెండు హుక్‌లూ పెట్టాక కొన్ని ఎర్రర్లు లాగ్‌లో పడుతున్నాయి, కొన్ని లేవు. తర్వాత వెలిగింది: ఖాతా పేరు ఇంగ్లీషులో ఉన్న రైతు దగ్గర తప్పు జరిగితే పడుతోంది, తెలుగులో ఉంటే మాయం. లేని పేరు కోసం వెతికితే వచ్చే కీ ఎర్రర్ తన సందేశంలో ఆ పేరునే చూపిస్తుంది కదా. నేను లాగ్‌ని ఫైల్‌లోకి రాసే ఫైల్‌హ్యాండ్లర్‌కి ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని ఏ పద్ధతిలో రాయాలన్నది, ఇవ్వలేదు. ఆ విండోస్ కంప్యూటర్‌లో అది సీపీ1252 తీసుకుంది, అందులో మన అక్షరం ఒక్కటి కూడా లేదు. రాయబోతే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్. లాగింగ్ మాడ్యూల్ తన లోపలి తప్పుని ఎస్‌టీడీఎర్ మీద చెప్తుంది, ఎస్‌టీడీఎర్ లేకపోతే నోరెత్తదు. దొంగని పట్టుకోడానికి కాపలా పెడితే, కాపలావాడే గోడ దూకినట్టయింది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాస్తే సరిపోయింది. లాగింగ్‌ని ఒక్క లైన్లో సెట్ చేసే బేసిక్ కాన్ఫిగ్ వాడేవాళ్లకి ఈ ఆప్షన్ పైథాన్ 3.9 నుంచే ఉంది.

థ్రెడ్‌ల దగ్గర, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనుల దగ్గర, మాత్రం నేను మార్కులు కోస్తా. థ్రెడ్‌లో వచ్చిన ఎర్రర్ సిస్ ఎక్సెప్ట్‌హుక్‌కి రాదు. దీనిమీద 2005లోనే బగ్ రిపోర్ట్ పడింది. 2019 అక్టోబర్‌లో పైథాన్ 3.8 వచ్చి, థ్రెడింగ్ డాట్ ఎక్సెప్ట్‌హుక్ అని వేరే హుక్ ఇచ్చేదాకా 14 ఏళ్లు. ఆలస్యంగా వచ్చినా పని శుభ్రంగా చేస్తుంది, ఏ థ్రెడ్డో కూడా చెప్తుంది. బాబాయి కొట్టులో వేరే థ్రెడ్‌లో నడిచే సాయంత్రం బ్యాకప్ ఎందుకు ఆగుతోందో దీంతోనే తెలిసింది. పెన్‌డ్రైవ్ పీకేసి పాటలు ఎక్కించుకోడానికి పట్టుకెళ్లారు!

పనుల్ని కొన్ని సిద్ధంగా ఉన్న థ్రెడ్‌లకి పంచే థ్రెడ్‌పూల్ వాడేవాళ్లకి ఈ హుక్ కూడా దక్కదు. సబ్మిట్ చేసిన పనిలో వచ్చిన ఎర్రర్, ఆ పని ఫలితాన్ని దాచే ఫ్యూచర్ అనే వస్తువులో దాక్కుంటుంది. మీరు రిజల్ట్ అడక్కపోతే అది అక్కడే సమాధి.

పైథాన్‌తోనే వచ్చే ఫాల్ట్‌హ్యాండ్లర్ మాడ్యూల్ గురించి ఒక్క ముక్క. సీ భాషలో రాసిన లైబ్రరీ లోపల సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తే, అంటే ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ కూలిపోతే, పైథాన్ హుక్‌లేవీ పలకవు, అప్పుడు ఇదే దిక్కు. పైథాన్‌డబ్ల్యూలో ఉత్తినే ఎనేబుల్ చేస్తే తనే ఒక ఎర్రర్ ఇస్తుంది, ఫైల్ తెరిచి చేతికివ్వాలి. కరెంటు పోతే మాత్రం ఎవరూ ఏమీ రాయలేరు, యూపీఎస్ కొనుక్కోండి.

నా రేటింగా? సిస్ ఎక్సెప్ట్‌హుక్‌కి 10కి 7, థ్రెడింగ్ హుక్‌కి 8. టికింటర్‌కి 5 ఇస్తా, అదీ ఆ ఫంక్షన్‌ని మార్చుకోనిస్తుంది కాబట్టి.

ఇప్పుడు మీ ముందే టెస్ట్ చేస్తా. బటన్‌లో ఒకటి, థ్రెడ్‌లో ఒకటి, చివర్లో మెయిన్‌లో ఒకటి, మూడు తప్పులు కావాలని పెట్టా. మూడింటి సందేశంలోనూ "అమ్మ" అని తెలుగులోనే రాశా. నడుపుతున్నా... లాగ్ తెరుస్తున్నా... బటన్, థ్రెడ్, మెయిన్. మూడు అమ్మలూ వచ్చాయి. కోడ్ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. మీ ప్రోగ్రామ్‌లో నడిపి, మూడిట్లో ఏది రాలేదో కామెంట్‌లో రాయండి.