అడవికి తాళం వేస్తే సరిపోదు
(బెంగళూరులో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగంమందైనా ఆఫీసు తరఫున ఎప్పుడో ఒక మొక్క నాటే ఉంటారు. ఫొటో కూడా దిగే ఉంటారు, తప్పేం లేదు. కానీ ఈ ఎండలకూ కరువులకూ అడవి తట్టుకోవాలంటే నాటడం కంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది: ఉన్న చెట్ల కింద ఏం పెరుగుతోందో చూడటం.

కర్ణాటకలోని బందిపూర్ పులుల అడవినే తీసుకోండి. 2019 ఫిబ్రవరిలో అక్కడ వేల ఎకరాలు కాలిపోయాయి. ఆకు రాల్చే అడవికి నిప్పు కొత్త కాదు. ఎండుటాకులు మాత్రమే కాలితే మంట మోకాలెత్తున పరుగెత్తి పోతుంది, బెరడు మందమున్న నల్లమద్ది లాంటివి తట్టుకుంటాయి. లాంటానా ఉన్నచోట అలా కాదు. మనిషెత్తు దాటి అల్లుకున్న ఆ కంపను పట్టుకుని మంట కొమ్మల్లోకి ఎక్కేస్తుంది. తెల్లదొరలు తోటల అందానికని తెచ్చిన మొక్క ఇది!

కత్తితో పైపైన కొట్టేస్తే వాన పడగానే మళ్ళీ గుబురుగా లేస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు బృందం ఒక పద్ధతి చూపింది. తల్లివేరును నేలమట్టానికి కాస్త కిందుగా నరికి, పొదను ఎత్తి తలకిందులుగా పడేయాలి, వేరుకు మళ్ళీ మట్టి తగలకుండా. అసలు చాకిరీ ఆ తర్వాత మొదలవుతుంది. పిట్టలు పళ్ళు తిని గింజలు రెట్టల్లో వేస్తూనే ఉంటాయి, వరసగా కొన్నేళ్ళు మొలకలు పీకుతూనే ఉండాలి. రిబ్బను కత్తిరించి చేసే పని కాదు కాబట్టి దీనికి డబ్బు పుట్టదు.

కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలనే ఆదివాసులు ఎండలు ముదరకముందే చిన్నచిన్న మంటలు పెట్టేవారు. తరగు బెంకి అంటారు, అంటే ఎండుటాకుల మంట. 1974లో అభయారణ్యమయ్యాక అది ఆగింది. ఆ తర్వాతే లాంటానా పెచ్చుపెరిగిందనీ, ఉసిరి చెట్లకు బదనిక, అంటే కొమ్మల మీద పెరిగి వాటి రసం పీల్చే మొక్క, ఎక్కువైందనీ వాళ్ళంటారు. నేను వాళ్ళ పక్షమే. అలాగని ఇప్పుడు వెళ్ళి అగ్గిపుల్ల గియ్యకండి. ఇంత కంప పేరుకున్నాక చిన్న మంట చిన్నగా ఉండదు. ముందు కంప తియ్యాలి, మంట సంగతి తర్వాత.

ఇంకో చిక్కు, అడవి బాధ ఆలస్యంగా బయటపడుతుంది. తమిళనాడులోని ముదుమలై అడవిలో బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) వాళ్ళు 1988 నుంచి 50 హెక్టార్లలో చెట్టు చెట్టుకూ నంబరు వేసి కొలుస్తున్నారు. కరువు దెబ్బకు పెద్ద చెట్లు చావడం రెండు మూడేళ్ళ తర్వాత గాని కనబడలేదు. అంటే వానలు బాగున్న ఏడాది చెట్టు ఎండితే తెగులనుకుంటాం, నిందేమో పాత కరువుది. ఇలాంటి లెక్క ఏళ్ళ తరబడి ఓపిగ్గా రాసేవాళ్ళు లేకపోతే అధికారి గుడ్డిగా నిర్ణయాలు చేస్తాడు.

ఇక ఒకే జాతి తోటల గురించి ఎక్కువ చెప్పను. కోలారు వైపు జామాయిల్ తోటలు చూసినవాళ్ళే మీరంతా. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా వెయ్యడాన్ని నిషేధించింది కూడా.

ఈసారి ఆఫీసువాళ్ళు మొక్కలు నాటుదాం రమ్మంటే, ఆ స్థలంలో ఇంతకుముందు ఏముండేదో అడగండి. హెసరఘట్టలాంటి గడ్డి మైదానమైతే మొక్కలు వెనక్కి పంపించండి, అక్కడ గడ్డే ఉండాలి. ఆ డబ్బు కొండల్లో లాంటానా పీకే సోలిగల కూలికి ఇప్పించండి, ఒక్క ఏడాదికి కాదు, ఐదేళ్ళకు.