రేపటి క్రియాటినిన్ ఎవరు చూస్తారు? హాస్పిటల్ ఫార్మసిస్టుకు రెసిడెన్సీ

పెద్దలకు, తోటి ఫార్మసిస్టులకు, ఇంటర్న్‌షిప్‌లో ఉన్న పిల్లలకు నమస్కారం.

ముందు ఒక లెక్క చేద్దాం. 68 ఏళ్ల అవ్వ, బరువు 45 కిలోలు. మూత్రంలో ఇన్ఫెక్షన్ రక్తానికి పాకి, బీపీ పడిపోయి ఐసీయూలో చేరింది. కిడ్నీ మందగిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.8. మెరోపెనెం అనే యాంటీబయాటిక్ 1 గ్రాము 8 గంటలకొకసారి అని కేస్ షీటులో రాసి ఉంది. కిడ్నీ ఎంత పనిచేస్తోందో అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ సూత్రం మీకందరికీ తెలుసు. 140 లోంచి వయసు తీసేస్తే 72. దాన్ని 45తో హెచ్చవేసి, క్రియాటినిన్‌కు 72 రెట్లతో భాగిస్తే 25. ఆడమనిషి కాబట్టి 0.85తో హెచ్చవేస్తే 21. మందు మోతాదు పట్టికలో 10 నుంచి 25 మధ్య వస్తే సగం మోతాదు, 12 గంటలకొకసారి. అంటే 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు.

పరీక్షలో ఈ జవాబుకు పూర్తి మార్కులు పడతాయి. వార్డులో ఇదే జవాబు ఆ అవ్వకు చేటు చేయవచ్చు. నిన్న ఆమె క్రియాటినిన్ ఎంత? 1.0 అయితే, ఒక్క రోజులో 1.8కి ఎక్కిందన్నమాట. ఈ సూత్రం క్రియాటినిన్ నిలకడగా ఉన్నవాళ్ల కోసం కట్టింది. ఎక్కుతూనో దిగుతూనో ఉన్నప్పుడు ఆ 21కి అర్థం లేదు. పైగా ఇలాంటి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒంటినంతా దెబ్బతీయడం) మొదట్లో దెబ్బతిన్న కిడ్నీ, సెలైన్ ఎక్కి బీపీ నిలబడ్డాక, చాలామందిలో 48 గంటల లోపే తేరుకుంటుంది. మెరోపెనెం కాస్త ఎక్కువైనా శరీరం ఓర్చుకుంటుంది కానీ, ఈ రాత్రి మందు చాలకపోతే అవ్వ ఓర్చుకోలేదు. కాబట్టి మొదటి ఒకటి రెండు రోజులు పూర్తి మోతాదు ఉంచి, రేపు పొద్దున మళ్లీ చూడాలి. ఇంకో సంగతి, ఆమె మూర్ఛకు వాల్‌ప్రొయేట్ వాడుతోందా? వాడుతుంటే మెరోపెనెం దాని స్థాయిని ఒకటి రెండు రోజుల్లోనే పడగొడుతుంది. వాల్‌ప్రొయేట్ పెంచినా సరిపోదు. యాంటీబయాటిక్ మార్చమనో, మూర్ఛకు వేరే మందు జోడించమనో అడగాలి.

లెక్క కాలేజీ నేర్పింది. ఆ లెక్కను ఎప్పుడు పక్కన పెట్టాలో, పక్కన పెట్టాక రేపటి రిపోర్టు చూసే పని ఎవరిదో నేర్పేదే రెసిడెన్సీ, అంటే చదువు అయ్యాక హాస్పిటల్‌లో పనిచేస్తూ పొందే శిక్షణ. ఈరోజు మాట్లాడదలచుకున్నది దీని గురించే.

మన దగ్గర ఫార్మ్ డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సుకు ఫార్మసీ కౌన్సిల్ నిబంధనలు 2008లో వచ్చాయి. ఐదేళ్ల చదువు, ఆరో ఏడు ఇంటర్న్‌షిప్. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, మిగతా మూడు విభాగాల్లో రెండేసి నెలలు. అమెరికాలో చదువు పూర్తయ్యాక రెసిడెన్సీ వేరుగా ఉంటుంది. మొదటి ఏడు పీజీవై-1, అన్ని రకాల రోగుల మధ్య పని. రెండో ఏడు పీజీవై-2, క్యాన్సర్, ఐసీయూ, పిల్లల విభాగం లాంటి ఒకదానిలో లోతు. అక్కడి హాస్పిటల్ ఫార్మసిస్టుల సంఘం ఏఎస్‌హెచ్‌పీ 1960ల నుంచి వీటికి గుర్తింపు ఇస్తోంది. మనకు అలాంటి జాతీయ వ్యవస్థ ఇంకా లేదు. అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని కూడా లేదు. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది, ప్రసూతి ఆసుపత్రి, ఎముకలకు బర్డ్, చిన్నపిల్లల గుండె ఆసుపత్రి ఉన్నాయి. రెసిడెంటుకు చూపించాల్సిన జబ్బు ఏదీ ఈ ఊళ్లో తక్కువ లేదు.

ఇంటర్న్‌కూ రెసిడెంటుకూ తేడా ఒక్క మాటలో చెప్పాలంటే, ఇంటర్న్ చూస్తాడు, రెసిడెంటు జవాబుదారీగా ఉంటాడు. మన చట్టం ప్రకారం ఫార్మసిస్టు ప్రిస్క్రిప్షన్ మార్చడు, సూచిస్తాడు. సూచన ఇచ్చి వెళ్లిపోతే సగం పనే అయింది. డాక్టరు ఒప్పుకున్నారా, నర్సు చార్టులో మారిందా, మారిన మోతాదే సాయంత్రం ఎక్కిందా, మరుసటి రోజు రోగి ఎలా ఉన్నాడు? ఈ నాలుగూ చూసి సంతకం పెట్టేవాడే రెసిడెంటు.

ఏడాదిని ఎలా అమర్చాలి? మొదటి నాలుగు వారాలు వార్డుకు పంపకండి. స్టోరులో, ఇంజెక్షన్లు కలిపే గదిలో ఉంచండి. చాలామంది రెసిడెంట్లకు ఇది నచ్చదు, చిన్నతనంగా అనిపిస్తుంది. కానీ మందు ఇండెంట్ ఎలా వెళ్తుందో, రాత్రి రెండు గంటలకు తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఫ్రిజ్ ఎన్ని డిగ్రీల్లో ఉందో తెలియనివాడు రౌండ్లలో ఇచ్చే సలహా గాల్లో మాటే. ఆ తర్వాత ఆరేసి వారాల చొప్పున మెడిసిన్, ఐసీయూ, క్యాజువాలిటీ, పిల్లల విభాగం, నెఫ్రాలజీ (కిడ్నీల విభాగం). మధ్యమధ్య రాత్రి డ్యూటీలు. నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు మించకూడదు, ఏడు రోజుల్లో ఒక పూర్తి రోజు సెలవు ఉండాలని ఏఎస్‌హెచ్‌పీ నియమం. దీన్ని మనం మొదటి రోజు నుంచే పాటించాలి. నిద్ర లేని మనిషి దశాంశ బిందువు తప్పు పెడతాడు. పిల్లల వార్డులో దానికి క్షమాపణ ఉండదు. మూడు కిలోల పసిబిడ్డకు ఫ్రుసెమైడ్ కిలోకు 1 మిల్లీగ్రాము అంటే 3 మిల్లీగ్రాములు. మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములుండే ఆంప్యూల్ నుంచి తీయాల్సింది 0.3 మిల్లీలీటర్లు. బిందువు జరిగితే పదింతలు.

క్యాజువాలిటీ రొటేషన్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. మన జిల్లాల్లో అసలు పాఠాలు అక్కడే ఉన్నాయి.

పాముకాటు. మన యాంటీవెనం నాలుగు పాములకు పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. విషం ఎక్కిన లక్షణాలుంటే మామూలుగా 10 వయల్స్‌తో (చిన్న మందు సీసాలతో) మొదలు. పొడి రూపంలో ఉన్న ప్రతి వయల్‌లో 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి, మెల్లగా తిప్పుతూ కరిగించాలి. ఆత్రంగా గిలకొడితే నురగ వస్తుంది, మందు చెడుతుంది, సిరంజిలోకి సరిగా రాదు. సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి. మొదటి పది నిమిషాలు మెల్లగా, పక్కనే మనిషి ఉండాలి. అడ్రినలిన్ ముందే సిరంజిలో తీసి పెట్టుకోవాలి. పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాములు తొడ కండలోకి. పసిపిల్ల అయినా యాంటీవెనం మోతాదు తగ్గించకూడదు. పాము పిల్లను చూసి విషం తగ్గించి కాటేయదు కదా. ఈ తప్పు ఇప్పటికీ జరుగుతోంది, రెసిడెంటు అడ్డుపడాల్సిన చోటు ఇది.

రక్తం గడ్డకడుతుందా లేదా అని చూసే 20 నిమిషాల పరీక్షకు గాజు గొట్టమే కావాలి, శుభ్రంగా, పొడిగా ఉండాలి. ప్లాస్టిక్ గొట్టంలో గడ్డ సరిగా కట్టదు. సబ్బుతో కడిగి సరిగా తొలవని గాజు గొట్టంలోనూ అంతే. అప్పుడు విషం లేనివాడికి పది వయల్స్ ఎక్కుతాయి. కాబట్టి క్యాజువాలిటీలో కొత్త గాజు గొట్టాలు ఎన్ని ఉన్నాయో డ్యూటీ ఎక్కగానే లెక్కపెట్టడం రెసిడెంటు పని. ద్రవ రూపంలో వచ్చే యాంటీవెనం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం ఫ్రిజ్ ఎంత చూపిస్తోందో కూడా అతనే రాసుకోవాలి.

పురుగుల మందు తాగినవాళ్లు. వీళ్లకిచ్చే విరుగుడు అట్రోపిన్, ఆంప్యూల్ 0.6 మిల్లీగ్రాములు. మూడు ఆంప్యూళ్లతో మొదలుపెట్టి, ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గకపోతే ఐదు నిమిషాలకొకసారి రెట్టింపు చేస్తారు. 3, 6, 12, 24. పావుగంటలో 45 ఆంప్యూళ్లు. ట్రేలో పది ఉంటే ఏమవుతుంది? రెసిడెంటు ఈ లెక్క ముందే వేసి, స్టాకు కనీసం ఎంత ఉండాలో ఇన్‌చార్జి సిస్టర్‌తో కూర్చుని రాయించాలి. ఇంకో మాట, కనుపాపలు పెద్దవయ్యాయని ఆపడం, గుండె వేగం పెరిగిందని ఆపడం తొందరపాటు. ముఖ్యంగా చూడాల్సింది ఊపిరితిత్తులు పొడిగా, గాలి బాగా ఆడుతున్నాయా అని.

ఇక యాత్రికులు. అలిపిరి మెట్లెక్కి కొండకు పోయేవాళ్లలో షుగర్ మాత్ర వేసుకుని, ఉపవాసంతో నడిచేవాళ్లు ఉంటారు. స్పృహ తప్పి వస్తారు, డెక్స్ట్రోజ్ ఎక్కించగానే లేచి కూర్చుంటారు, దర్శనం టైమైందని వెళ్లిపోతామంటారు. జేబులో గ్లిబెన్‌క్లమైడ్ గానీ గ్లిమెపిరైడ్ గానీ దొరికితే పంపకూడదు. ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది, కిడ్నీ బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువ. షుగర్ మళ్లీ పడిపోతుంది. కనీసం ఒక రోజు గమనింపులో ఉంచమని చెప్పాల్సింది ఫార్మసిస్టే, ఎందుకంటే స్ట్రిప్పు మీద పేరు చదివేది మనమే.

వార్డులో రెండు మందుల మీద నేను పట్టుబడతాను. పొటాషియం క్లోరైడ్ 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగుతుంది, ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఏమంటే, వేలాడుతున్న సెలైన్ బాటిల్‌లోకి గుచ్చి, తిప్పి కలపకుండా వదిలేసినా అదే ప్రమాదం. బరువైన ద్రవం అడుగుకు దిగి, మొదటి నిమిషాల్లోనే చిక్కగా పోతుంది. బాటిల్ దించి, కలిపి, కనీసం పదిసార్లు తలకిందులు చేసి, లేబుల్ అంటించి మళ్లీ తగిలించాలి. మామూలు వార్డులో గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు మించకూడదు.

రెండోది ఇన్సులిన్. మన దేశంలో వయల్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్ను కార్ట్రిడ్జ్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. సిరంజిలూ రెండు రకాలు, ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. పెన్ను చెడిపోయిందని కార్ట్రిడ్జ్ నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. 40 వయల్ నుంచి నారింజ మూతతో 20 గీత దాకా లాగితే పోయేది 8. మొదటిది మనిషిని కోమాలోకి తీసుకెళ్తుంది, రెండోది షుగర్ ఎందుకు తగ్గట్లేదో తెలియక వారం రోజులు మోతాదు పెంచుకుంటూ పోయేలా చేస్తుంది.

ఇవన్నీ నేర్పేది ఎవరు? ప్రిసెప్టర్, అంటే రెసిడెంటును పక్కనుండి తీర్చిదిద్దే సీనియర్ ఫార్మసిస్టు. అతను నాలుగు మెట్లు ఎక్కించాలి. మొదట చెప్పాలి, తర్వాత తాను చేసి చూపించాలి, తర్వాత రెసిడెంటు చేస్తుంటే పక్కనుండి దిద్దాలి, చివరికి దూరంగా నిలబడి పిలిస్తే పలకాలి. మన దగ్గర మొదటి మెట్టు మీదే ఏడాది గడిచిపోతుంది, లేదా ఒకేసారి నాలుగో మెట్టు మీద వదిలేస్తారు. రెండూ పాడు చేస్తాయి. ‘బాగా చేశావు’ అనేది దిద్దుబాటు కాదు. ‘వాంకోమైసిన్ గ్రామును అరగంటలో పెట్టమన్నావు, గంటకు తక్కువైతే ఒళ్లంతా ఎర్రబడి బీపీ పడుతుంది’ అని చెప్తే అది దిద్దుబాటు.

డాక్టరుతో మాట్లాడే తీరు కూడా నేర్పాల్సిందే. ‘సార్, డోసు తప్పు’ అన్న రెసిడెంటు మాట ఆ రోజుతో చెల్లదు. ‘సార్, నిన్న క్రియాటినిన్ 1.0, ఇవాళ 1.8. ఇవాళ్టికి మెరోపెనెం ఇలాగే ఉంచి, రేపు పొద్దున రిపోర్టు చూసి నేనే మీకు చెప్తాను’ అంటే వింటారు. అన్నాక రేపు పొద్దున చెప్పి తీరాలి.

రోగితో మాటలు ఇంకా కష్టం. ‘మీరు ఏయే ఔషధాలు సేవిస్తున్నారు?’ అని అడిగితే మన పల్లెల్లో వచ్చే జవాబు ‘ఏమీ లేవు’. ‘అవ్వా, పొద్దన్నే ఏ మాత్ర ఏసుకుంటా ఉండావు? సూది ఏమన్నా ఏసుకుంటావా? పసరు తాగినావా?’ అని ఒక్కొక్కటీ అడగాలి. మందుల సంచి తెప్పించాలి. చిత్తూరు వైపు వాళ్లు వేలూరులో ఒక చీటీ, ఇక్కడ ఒక చీటీ రాయించుకుని, రెండు పేర్లతో ఉన్న ఒకే బీపీ మాత్ర టెల్మిసార్టాన్ రెండుసార్లు మింగుతుంటారు. సరిహద్దు పల్లెలవాళ్ల కోసం రెసిడెంటు నాలుగు మాటలు తమిళం నేర్చుకుంటే ఇంకా మంచిది.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మొదటిది, కౌంటర్‌లో మనిషి తక్కువైనప్పుడల్లా రెసిడెంటును కూర్చోబెట్టడం. రెండోది, నెలకు ఇన్ని సూచనలు అని లెక్క అడగడం. లెక్క అడిగితే ‘పాంటొప్రజోల్ అన్నానికి ముందు’ లాంటి తేలికైనవి వందొస్తాయి, పొటాషియం ఆంప్యూల్ గురించి ఒక్కటీ రాదు. మూడోది ప్రాజెక్టు. రెండో నెలలో అంశం తేల్చి ఎథిక్స్ కమిటీకి పంపకపోతే పదకొండో నెలలో కాగితాలు పోగేసుకోవాల్సి వస్తుంది. స్టైపెండ్ లేకుండా నడపడం గురించి చెప్పనే అక్కర్లేదు. అది శిక్షణ కాదు, వెట్టి.

మొదలుపెట్టాలంటే పది సీట్లు అక్కర్లేదు. ఒక రెసిడెంటు, ఇద్దరు ప్రిసెప్టర్లు, రౌండ్లలో ఫార్మసిస్టు మాట వినే ఒక్క మెడిసిన్ యూనిట్, ఒక అప్పగింత పుస్తకం చాలు. ఆ పుస్తకంలో ప్రతి పేజీకి మూడు గళ్లు: ఇవాళ ఏం చెప్పాం, ఏం జరిగింది, రేపు ఏం చూడాలి. మూడో గడి ఖాళీగా ఉన్న పేజీ మీద ప్రిసెప్టర్ సంతకం పెట్టకూడదు.

రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు, 40 వయల్, 100 కార్ట్రిడ్జ్ ఆ బల్ల మీద పెట్టాం. వెళ్లే ముందు ప్రతి ఒక్కరూ రెండింటితో 20 గీత దాకా నీళ్లు లాగి, పక్కపక్కన పెట్టి చూసి వెళ్లండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.