సూర్యుడికి ఎదురుగా ఒకటి, వీపు తిప్పి ఇంకొకటి

హోస్ట్: నమస్కారం, పాడ్‌కాస్ట్‌కి స్వాగతం. ఈ రోజు మనతో ఒక ఖగోళశాస్త్ర పరిశోధకురాలు ఉన్నారు. మేడం, నేరుగా నా డౌట్‌తోనే మొదలుపెడతాను. సూర్యుణ్ణి చూసే వ్యోమనౌకలు సోహో, ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయంటారు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కూడా 15 లక్షలే అంటారు. అన్నీ ఒకేచోట ఉన్నాయా?

అతిథి: (నవ్వు) దూరం ఒకటే, దిక్కే వేరండి. సోహో, ఆదిత్య మనకీ సూర్యుడికీ మధ్యలో ఉంటాయి, ఎల్1 అనే బిందువు దగ్గర. వెబ్ ఏమో మనకి అవతలి పక్క, ఎల్2 అనే బిందువు దగ్గర. మొదటి రెంటికీ పొద్దస్తమానం సూర్యుణ్ణి చూడటమే పని. వెబ్‌కి సూర్యుడి పొడ గిట్టదు. చివరికి అందరి బాధా ఒకటే, అక్కర్లేని వెలుతురుని ఎలా వదిలించుకోవాలని.

హోస్ట్: అంత శూన్యంలో అక్కడే ఎలా నిలబడతాయి?

అతిథి: నిలబడవు. మామూలుగా సూర్యుడికి దగ్గరగా ఉన్నది వేగంగా తిరగాలి, దూరంగా ఉన్నది నెమ్మదిగా. ఆ రెండు చోట్లా మాత్రం భూమి ఆకర్షణ కూడా కలిసి లెక్క సరిపోతుంది, భూమితో పాటే ఏడాదికో చుట్టు తిరుగుతాయి. సరిగ్గా ఆ బిందువులో కూడా ఉండవు, దాని చుట్టూ పెద్ద కక్ష్యలో తిరుగుతుంటాయి. వెబ్‌కి ఒక చుట్టుకి ఆరు నెలలు. అప్పుడప్పుడు కాస్త ఇంధనం వాడితే చాలు.

హోస్ట్: సరే, ముందు సూర్యుడి సంగతి. కళ్ళు మిరుమిట్లు గొలిపేంత వెలుతురు ఉన్నదాన్ని చూడటానికి అంత ఖరీదైన టెలిస్కోప్ ఎందుకు?

అతిథి: మనం చూడాలనుకునేది ఆ వెలిగే బింబాన్ని ఒక్కదాన్నే కాదు. దాని చుట్టూ కరోనా అనే పలచటి వాయువుల పొర ఉంది కదా, అది బింబం కంటే సుమారు పది లక్షల రెట్లు మసక. ఎండలో ఎదురుగా వచ్చేది ఎవరో తెలియక కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంటాం చూడండి, కరోనాగ్రాఫ్ అనే పరికరం చేసేది అదే. లోపల ఒక పళ్ళెం లాంటి అడ్డు పెట్టి బింబాన్ని కప్పేస్తారు. సోహో మీద లాస్కో అనే కరోనాగ్రాఫ్ ఆ పనిమీదే 1995 చివరినుంచి ఉంది. ఆదిత్యలో వెల్క్ అనే పరికరం ఇంకా దగ్గరికి, బింబం అంచుకి దాదాపు ఆనుకుని చూడటానికి కట్టింది.

హోస్ట్: లాస్కో బొమ్మలు నేను చూశాను. నీలం రంగులో, మధ్యలో ఒక గుండ్రటి మచ్చ, దానిలో తెల్ల గీతతో సున్నా.

అతిథి: ఆ మచ్చే అడ్డు. తెల్ల సున్నా సూర్యుడి అసలు సైజు చూపించడానికి తర్వాత గీసింది. జాగ్రత్తగా చూస్తే మచ్చ నుంచి మూలకి ఒక నల్లటి చార పోతుంది, అది ఆ అడ్డుని పట్టుకున్న కాడ. నీలం రంగు కూడా మనం వేసిందే. ఇక సౌర తుఫాను రోజుల్లో ఉన్నట్టుండి ఫ్రేమ్ నిండా తెల్ల చుక్కలు కమ్ముకుంటాయి. కెమెరా పాడైందేమో అనుకుంటారు కొత్తవాళ్ళు. సూర్యుడి నుంచి దూసుకొచ్చిన ప్రోటాన్లు నేరుగా డిటెక్టర్‌కి తగులుతున్నాయన్నమాట. అంటే ఆ బొమ్మ చెడిపోవడం కూడా ఒక కొలతే.

హోస్ట్: 2024 మేలో పెద్ద సౌర తుఫాను వచ్చింది కదా, మామూలుగా కనపడని చోట్ల కూడా ఆకాశం ఎర్రబడింది. దాన్ని ముందే పసిగట్టారా?

అతిథి: బయల్దేరడం చూశారు. ఒకే మచ్చల గుంపు నుంచి వరసగా కొన్ని ప్లాస్మా మేఘాలు, అంటే విద్యుదావేశం ఉన్న వాయువు ముద్దలు, వచ్చాయి. అవి మన వైపే వస్తున్నాయని కరోనాగ్రాఫ్‌లో తెలిసిపోతుంది, ఒకటి నుంచి మూడు రోజుల టైమ్ ఉంటుంది. కానీ అది ఎంత దెబ్బ కొడుతుందన్నది దానిలోని అయస్కాంత క్షేత్రం దిశ మీద ఉంటుంది. దక్షిణానికి తిరిగి ఉంటే భూమి క్షేత్రంతో కలిసి తలుపు తెరిచేస్తుంది, ఉత్తరానికి ఉంటే చాలావరకు పక్కనుంచి పోతుంది. ఆ దిశ దూరం నుంచి సరిగ్గా తెలియదు. మేఘం ఎల్1 దాటుతున్నప్పుడు అక్కడి మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) కొలిస్తేనే తెలిసేది.

హోస్ట్: అప్పటికి మనకి మిగిలే టైమ్?

అతిథి: లెక్కేద్దాం. సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం, వేగం మామూలుగా సెకనుకి 400 కిలోమీటర్లు. 15 లక్షల్ని 400తో భాగిస్తే 3,750 సెకన్లు, గంట పైచిలుకు. తుఫాను 800తో వస్తే అరగంట. పవర్ గ్రిడ్ చూసేవాళ్ళ టెన్షన్ అంతా ఆ అరగంటలోనే.

హోస్ట్: సోహో ఒకసారి తప్పిపోయిందని కూడా విన్నాను.

అతిథి: అవును, 1998 జూన్‌లో. సంబంధం తెగిపోయింది. జులైలో అరెసిబో రేడియో టెలిస్కోప్ నుంచి రాడార్ తరంగాలు పంపితే ఇంకో డిష్ ప్రతిధ్వని పట్టింది, నెమ్మదిగా తిరుగుతూ ఉందని తేలింది. లోపల ఇంధనం గడ్డకట్టుకుపోయింది. వారాల తరబడి మెల్లగా కరిగించి, సెప్టెంబరుకి దాన్ని మళ్ళీ దారికి తెచ్చారు. తర్వాత అది ఎటు తిరుగుతోందో చెప్పే గైరోస్కోప్‌లన్నీ పోతే, అవి లేకుండా నడిపే సాఫ్ట్‌వేర్ రాసి పంపారు. రెండేళ్ళకని పంపిన మిషన్ అండి అది! కొత్తవి ఎన్ని వచ్చినా నాకు దాని మీద పక్షపాతం పోదు.

హోస్ట్: ఇప్పుడు వెబ్ దగ్గరికి వద్దాం. దానికి సూర్యుడంటే ఎందుకంత భయం?

అతిథి: అది చూసేది ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనపడని కాంతి. వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగుతుంది, టెలిస్కోప్ కూడా. తన వెలుగే తన కంట్లో పడకూడదంటే చల్లగా ఉండాలి. అందుకే ఐదు పొరల తెర. సూర్యుడి వైపు 85 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, నీడ వైపు మైనస్ 233 డిగ్రీలు. మిరి అనే పరికరానికి అదీ చాలక, ప్రత్యేక కూలర్ పెట్టి మైనస్ 266కి దించారు.

హోస్ట్: అంత కష్టపడి ఏం కనిపెట్టారు? పాత హబుల్ టెలిస్కోప్ చూడలేనిది ఏమిటి?

అతిథి: ఒక గెలాక్సీ సంగతి చెబుతాను. పేరు జేడ్స్-జీఎస్-జెడ్14-0. ఫొటోలో చూస్తే చిన్న మరక, ఎవరూ రెండోసారి చూడరు. 2024 జనవరిలో వెబ్ దాదాపు పది గంటలు దాని వర్ణపటం తీసింది, అంటే కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసింది. గ్రాఫ్‌లో ఎడమవైపంతా సున్నా దగ్గరే గీత. సుమారు 1,850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఒక్కసారిగా మెట్టులా లేస్తుంది. ఆ మెట్టే ఆధారం. తొలినాళ్ళ విశ్వంలో హైడ్రోజన్ 121.6 నానోమీటర్లకి తక్కువున్న కాంతిని మింగేసేది. 1,850ని 121.6తో భాగించండి.

హోస్ట్: పదిహేను... 15.2.

అతిథి: ఆ కాంతి బయల్దేరాక విశ్వం అన్ని రెట్లు సాగింది. అంటే విశ్వానికి సుమారు 30 కోట్ల ఏళ్ళున్నప్పటి గెలాక్సీ. హబుల్ కెమెరా చూపు 1,700 దగ్గర ఆగిపోతుంది. ఈ మెట్టు దానికి కాస్త అవతల ఉంది. తర్వాత చిలీలోని ఆల్మా టెలిస్కోప్ అక్కడ ఆక్సిజన్ కూడా పట్టింది. ఆక్సిజన్ నక్షత్రాల కడుపులోనే తయారవుతుంది, కాబట్టి అప్పటికే ఒక తరం నక్షత్రాలు పుట్టి చచ్చాయన్నమాట. 2025లో ఇంకా దూరపుది ఇంకోటి దొరికింది, ఈ రికార్డులు ఎక్కువకాలం నిలవవు.

హోస్ట్: ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ "బిగ్ బ్యాంగ్ తప్పు" అని వీడియోలు వస్తాయి.

అతిథి: వస్తాయి, వ్యూస్ కూడా వస్తాయి. ఆ గెలాక్సీలు అనుకున్నదానికంటే ప్రకాశంగా ఉన్నమాట నిజమే. దానికి కారణం గ్యాస్ నక్షత్రాలుగా మారే వేగం కావచ్చు, నక్షత్రాలు ఒక్కసారిగా విరగబుట్టే దశ కావచ్చు, ధూళి తక్కువ కావచ్చు. గెలాక్సీలు ఎలా ఎదుగుతాయన్న లెక్క సరిచూసుకోవాలి. విశ్వం వ్యాకోచిస్తోందన్న దాన్నైతే పైన చేసిన భాగహారంలోనే వాడుకున్నాం కదా!

హోస్ట్: (నవ్వు) ఆఖరి ప్రశ్న. మాలాంటివాళ్ళు ఇందులో ఏమైనా చేయగలమా, లేక చూసి లైక్ కొట్టడమేనా?

అతిథి: లాస్కో బొమ్మలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 2024 మార్చికి వాటిలో 5,000 తోకచుక్కలు దొరికాయి, ఎక్కువభాగం పట్టింది ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న ఔత్సాహికులే. వరసగా ఫ్రేములు తిప్పుతూ వెళ్ళండి. ఒక్క ఫ్రేములోనే కనపడి మాయమైతే అది కాస్మిక్ కిరణం, అంటే అంతరిక్షం నుంచి వచ్చి డిటెక్టర్‌కి తగిలిన కణం. రెండు పక్కలా అడ్డగీతలు పొడుచుకొచ్చి వెలిగేది గ్రహం. నాలుగైదు ఫ్రేముల్లో ఒకే గీతలో సూర్యుడి వైపు జరిగే చుక్క దొరికితే వెంటనే రిపోర్ట్ పంపండి. "వెంటనే" అని ఎందుకంటున్నానంటే, కొత్త బొమ్మ రాగానే దాని మీద కాసుకుని కూర్చునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

హోస్ట్: అక్కడా పోటీయేనా! థ్యాంక్స్ మేడం.