మార్త పెట్టుకున్న పని

[దృశ్యం: తెల్లవారుజాము. మంచం పక్కన బల్లమీద బైబిలు, దానిమీద ఛార్జింగులో ఉన్న ఫోను. అలారం మోగుతుంది.]

వ్యాఖ్యానం: అలారం ఆపడానికి చాచిన చెయ్యి ఫోనును అందుకుంటుంది, రాత్రి వచ్చిన సందేశాలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి, ప్రార్థనకని అనుకున్న పదిహేను నిమిషాలు పక్కమీదే కరిగిపోతాయి. ఆ సందేశాల్లో చెడ్డది ఏదీ లేదు. ఒకటి ఆఫీసు పని, ఒకటి బంధువుల క్షేమసమాచారం, ఒకటి ఆదివారం ఆరాధన ఏర్పాట్ల గురించి. చిక్కంతా అక్కడే ఉంది.

[తెరమీద: లూకా 10:38-42]

యేసు తమ ఇంటికి వచ్చినప్పుడు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వాక్యం వింటుంటే, ఆమె సహోదరి మార్త పనుల్లో మునిగిపోయింది. ఈ అక్కచెల్లెళ్ల సంగతి మనం ఎన్నోసార్లు విన్నాం గాని, తెలుగు బైబిలులోని ఒక మాటను పట్టించుకోకుండా దాటిపోతుంటాం. మార్త "విస్తారమైన పని పెట్టుకొనుటచేత" తొందరపడిందని అక్కడ ఉంది. పని మీద పడటం వేరు, పని పెట్టుకోవడం వేరు. ఇంటికి వచ్చిన ప్రభువుకు భోజనం వడ్డించాలనుకోవడంలో తప్పేమీ లేదు. పైగా ఇదే అధ్యాయంలో, దీనికి సరిగ్గా ముందు, గాయపడినవానికి పరిచర్య చేసిన మంచి సమరయుని ఉపమానం ఉంది కాబట్టి సేవను తక్కువ చేయడం లూకా ఉద్దేశం కాదు. అయితే తలకెత్తుకున్న పని పెరిగేకొద్దీ, ఎవరికోసం ఆ పని మొదలుపెట్టిందో ఆయననే, మరియ తనకు సాయం చేయడం లేదని, "నీకు చింత లేదా" అని అడిగే స్థితికి మార్త చేరుకుంది.

[తెరమీద: మార్కు 1:32-38]

ఇప్పుడు కపెర్నహూముకు వెళ్దాం. సూర్యుడు అస్తమించాక పట్టణమంతా శిష్యుడైన సీమోను ఇంటి వాకిట గుమిగూడింది, యేసు అనేక రోగులను స్వస్థపరిచాడు. మరునాడు ఇంకా చాలా చీకటి ఉండగానే ఆయన లేచి, అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు. పెందలకడ లేవడాన్నే మనం ఎక్కువగా బోధిస్తాం. నాకు మాత్రం తరువాతి సంభాషణ ఇంకా ముఖ్యమనిపిస్తుంది. అందరూ వెదుకుతున్నారని శిష్యులు చెప్పినప్పుడు ఆయన వెనక్కి రాలేదు, ఇతర గ్రామాలలో కూడా ప్రకటించాలి, వెళ్దాం పదండని అన్నాడు. కపెర్నహూములో ఆయన కోసం ఎదురుచూస్తున్న పని నిజమైనదే, అయినా ఆ ఉదయం ఆయన దాన్ని విడిచిపెట్టాడు. మనం పనుల పట్టిక రాసుకున్నాక ప్రార్థనకు అందులో ఎక్కడ చోటుందా అని వెదుకుతాం. ఇక్కడ ప్రార్థన ముందు జరిగింది, ఏ పని చేయాలో ఏది వదలాలో ఆ తరువాత తేలింది.

రాత్రి షిఫ్టులో పనిచేసేవారికి, పసిబిడ్డ ఉన్న తల్లికి తెల్లవారుజామున నాలుగు గంటలను నియమంగా విధించడం, నా దృష్టిలో, భక్తి పేరిట మోపే బరువే. వేళ ఏదైనా కావచ్చు గాని అది ముందే స్థిరపడి ఉండాలి. దర్యావేషు రాజు కింద 120 మంది అధిపతులపై ఉన్న ముగ్గురు ప్రధానుల్లో ఒకడైన దానియేలు, ముప్పై దినాలు రాజుకు తప్ప మరెవరికి ప్రార్థన చేసినా సింహాల గుహే శిక్ష అని శాసనం వచ్చాక కూడా "యథాప్రకారముగా" దినానికి ముమ్మారు మోకాళ్లూనాడు. ఆ అలవాటు ఆపద వచ్చిన రోజున మొదలైనది కాదు.

కాబట్టి ఈ వారం కొత్తగా ఏదీ చేర్చుకోకండి. మీరు పెట్టుకున్న పనుల్లో ఎవరూ అడగకపోయినా చేస్తున్నది ఒకటి గుర్తించి, దాన్ని ఆపి, ఆ సమయాన్ని వాక్యానికి ఇవ్వండి. అది సంఘంలోని పనే అయినా సంకోచించకండి. ఫోనును మాత్రం మరో గదిలో ఛార్జింగు పెట్టండి.

[తెరమీద: యోహాను 12:2]

మార్త, మరియల ఊరైన బేతనియలో మరొకసారి విందు జరిగింది. అక్కడ కూడా మార్త ఉపచారం చేస్తూనే ఉంది, మరియ మళ్లీ ప్రభువు పాదాల దగ్గరే ఉంది. ఈసారి మరియను తప్పుపట్టింది శిష్యుల్లో ఒకడైన ఇస్కరియోతు యూదా. మార్త ఏమీ అనలేదు.