ఆఫీసు ఫోటో షూట్‌కి ముందు పంపే సూచనల షీట్: చొక్కా గురించి పేజీ నిండా, మనిషి గురించి ఒక్క ముక్క లేదు | రివ్యూ

నమస్తే అండి. ఈ వీడియోలో కెమెరా లేదు, లెన్స్ లేదు. ఒక కాగితం మీద రివ్యూ చేస్తున్నాను. ఆఫీసులో అందరికీ ప్రొఫెషనల్ ఫోటోలు తీయిస్తున్నామని మెయిల్ వస్తుంది కదా, దానికి జతగా "ఇలా సిద్ధమై రండి" అని ఒక షీట్ ఉంటుంది. హెచ్‌ఆర్ వాళ్ళు రాసినా, ఫోటోగ్రాఫర్ ఇచ్చినా దాదాపు అదే సరుకు. ముదురు రంగు వేసుకోండి, ఇస్త్రీ చేసుకోండి, బాగా నిద్రపోండి, సహజంగా నవ్వండి. అయిపోయింది.

ఇది పనికొస్తుందా అంటే, సగం వస్తుంది. షీట్ తయారుచేసే వాళ్ళూ చూడండి, రేపు షూట్‌కి వెళ్ళాల్సిన వాళ్ళూ చూడండి.

బట్టల సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే షీట్‌కి మార్కులు పడేది అక్కడే. సన్న చారలు, చిన్న గళ్ళు వద్దు అంటుంది. కరెక్టే. కానీ ఎందుకో చెప్పదు, చెప్పకపోతే జనం వినరు. కెమెరా సెన్సర్ మీద పిక్సెళ్ళు వరుసలుగా ఉంటాయి. మీ చొక్కా మీద గీతలూ వరుసలే. రెండు దోమల జాలీలు ఒకదాని మీద ఒకటి పెట్టి కదిపితే లేని అలలు కనిపిస్తాయి చూడండి, ఫోటోలో అదే జరుగుతుంది. దీన్ని మోయిరే అంటారు. ఎడిటింగ్‌లో పూర్తిగా పోగొట్టడం పెద్ద తలనొప్పి. పైగా అసలు ఫోటోలో లేకపోయినా, దాన్ని వెబ్‌సైట్ కోసం చిన్నది చేసినప్పుడు కొత్తగా పుట్టుకు రావచ్చు.

ముదురు రంగు వేసుకోమనే సలహా మాత్రం సగమే. వెనక బ్యాక్‌గ్రౌండ్ ఏ రంగో చెప్పకుండా ముదురు రంగు వేసుకోమంటే ఏం లాభం? నల్లటి తెర ముందు నల్లటి కోటు వేసుకుని కూర్చుంటే తలకాయ ఒక్కటే గాల్లో ఉన్నట్టుంటుంది. తెల్లటి తెర ముందు తెల్ల చొక్కా అయితే భుజాలు ఎక్కడ అయిపోయాయో తెలియదు. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ మార్చడానికి పచ్చ తెర వాడుతుంటే, పచ్చ బట్టలు తెరతో పాటే మాయమైపోతాయి. కాబట్టి షీట్‌లో మొదటి వాక్యం "బ్యాక్‌గ్రౌండ్ ఈ రంగు, ఫోటో ఛాతీ పైనుంచి" అని ఉండాలి. అది చదివితే మిగతావి జనం వాళ్ళే ఆలోచించుకుంటారు. మెరిసిపోయే ఎరుపు, నియాన్ రంగులు కూడా వద్దు. లైటు పడినప్పుడు ఆ రంగు దవడ కిందకి కొడుతుంది.

ఇంకొకటి, చాలా షీట్లలో నాకు కనపడని మాట: మెడలో ఐడీ కార్డు తీసేయండి. రోజూ వేసుకుని తిరుగుతాం కాబట్టి అది ఉందన్న ధ్యాసే ఉండదు. జేబులో ఫోన్, పెన్ను కూడా బయట పెట్టండి.

ఇప్పుడు కళ్ళద్దాలు. "వీలైతే తీసేయండి" అని రాస్తారు. దీనికి నేను సున్నా మార్కులు వేస్తాను. రోజూ కళ్ళద్దాలతో కనిపించే మనిషిని అవి లేకుండా ఫోటో తీస్తే, ఆ ఫోటో చూసి ఆయన్ని ఎవరు గుర్తుపడతారు? అద్దం మీద మెరుపు రాకుండా చూడటం ఫోటోగ్రాఫర్ పని. కాంతి ఏ కోణంలో వచ్చి పడుతుందో అదే కోణంలో తిరిగి వెళ్తుంది, కాబట్టి లైటు ఇంకాస్త పైకి జరిపినా, చెవి మీది కాడని కొంచెం ఎత్తి అద్దాలు కిందకి వాలేలా చేసినా చాలాసార్లు సరిపోతుంది. ఉద్యోగి చేయాల్సింది అద్దాలు శుభ్రంగా తుడుచుకు రావడం. ఎండలో నల్లబడే అద్దాలైతే కొన్ని నిమిషాలు ముందే లోపలికి వచ్చి కూర్చోవాలి, అవి తేటపడటానికి టైం పడుతుంది.

ముఖం గురించి త్వరగా చెప్పేస్తాను. హెయిర్‌కట్ అదే రోజు వద్దు, కొన్ని రోజుల ముందు చేయించుకోండి. కొత్త క్రీమ్ ఏదైనా ప్రయోగం చేయాలంటే షూట్ అయ్యాక చేసుకోండి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ మందంగా రాసుకుంటే ఫ్లాష్‌కి ముఖం తెల్లగా పాలిపోయినట్టు రావచ్చు. జిడ్డుకి ఒక టిష్యూతో అద్దుకుంటే చాలు, రుద్దకండి, ఎర్రబడుతుంది. ముందు రోజు నీళ్ళు తాగితే చర్మం మెరుస్తుందని కూడా రాస్తుంటారు. తాగండి, ఎవరు కాదన్నారు, కానీ ఒక్క రోజులో కెమెరాకి తెలిసేంత తేడా వస్తుందని ఆశపడకండి.

ఇక అసలు లోటుకి వద్దాం. ఈ షూట్‌లకి వచ్చేవాళ్ళలో చాలామందికి కెమెరా అంటేనే పడదు. "నా ఫోటోలు బాగా రావండీ" అనుకుంటూనే వస్తారు. షీట్ వాళ్ళతో మాట్లాడదు. నిజానికి ఆ మాట వెనక రెండు మామూలు కారణాలున్నాయి.

ఒకటి, మనకి తెలిసిన మన ముఖం అద్దంలోది, అంటే కుడి ఎడమలు తారుమారైనది. ఫోటోలో వచ్చేది ఇతరులు చూసే ముఖం. 1977లో మీటా, డెర్మర్, నైట్ అనే పరిశోధకులు దీన్నే పరీక్షించారు. మనుషులు తమ ఫోటోల్లో అద్దంలోలా తిప్పినదాన్ని ఎక్కువగా ఇష్టపడ్డారు, వాళ్ళ స్నేహితులేమో తిప్పని అసలు ఫోటోని ఇష్టపడ్డారు. అంటే మీకు వింతగా అనిపించే ఆ ఫోటో మీ సహోద్యోగులకి మామూలు మీరే.

రెండోది సెల్ఫీ. చేయి చాపినంత దూరం నుంచి తీస్తే కెమెరాకి దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. తేడా తెచ్చేది దూరం. అందుకే పోర్ట్రెయిట్ తీసేవాళ్ళు సుమారు 85 నుంచి 135 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టుకుని వెనక్కి జరిగి నిలబడతారు. సెల్ఫీల్లో మీ ముఖం మీద మీరు కట్టిన లెక్క ఇక్కడ చెల్లదు. ఈ రెండు విషయాలూ నాలుగు వాక్యాల్లో షీట్‌లో రాయొచ్చు. ముదురు నీలమా, బూడిద రంగా అనే చర్చ కంటే ఇవి ఎక్కువ పని చేస్తాయి.

"సహజంగా నవ్వండి" దగ్గర కాస్త ఆగాలి. సహజంగా ఉండమని ఆర్డర్ వేస్తే ఎవరైనా బిగుసుకుపోతారు. ఫ్రెంచ్ వైద్యుడు దుషెన్ 1862లోనే రాశాడు, నిజమైన నవ్వులో కంటి చుట్టూ ఉన్న కండరం కూడా కదులుతుందని, అది కావాలంటే వచ్చేది కాదని. తర్వాతి పరిశోధనల్లో కొందరు దాన్ని కావాలని కూడా తెచ్చుకోగలరని తేలింది, కానీ మనలో ఎక్కువమంది ఆ కొందరిలో ఉండం. కాబట్టి అద్దం ముందు నవ్వు ప్రాక్టీస్ చేయకండి, అతికించిన నవ్వే వస్తుంది. కళ్ళు మూసుకుని, ఊపిరి పూర్తిగా వదిలి, అప్పుడు కళ్ళు తెరవండి. మిగతాది మిమ్మల్ని మాటల్లో పెట్టి ఫోటోగ్రాఫర్ రప్పించాలి. రప్పించలేకపోతే నవ్వులేని ఫోటో తీయమనండి, ప్రశాంతంగా ఉన్న ముఖం దొంగనవ్వు కంటే చాలా నయం.

ప్రాక్టీస్ చేయాల్సింది ఒకటుంది, దవడ. నుదురు కెమెరా వైపు కొంచెం ముందుకి, కొంచెం కిందకి తేవాలి. చేస్తుంటే తాబేలులా అనిపిస్తుంది, ఫోటోలో దవడ గీత చక్కగా తేలుతుంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ హర్లీ ఎన్నో ఏళ్ళుగా నేర్పుతున్నది ఇదే, దానితో పాటు కింది కనురెప్పల్ని లేశమాత్రం బిగించడం. భయపడ్డప్పుడు కళ్ళు విచ్చుకుంటాయి, ఇది దానికి విరుగుడు.

షూట్ ఏర్పాటు చేసేవాళ్ళకి ఒక మాట. 40 మందికి తలా 5 నిమిషాలంటే 3 గంటల 20 నిమిషాల్లో అయిపోతుందని సంబరపడతారు. ఆ 5 నిమిషాల్లో కాలర్ సర్దడం, ఎత్తు సరిచూడటం, పేరు రాసుకోవడం పోగా మనిషి కుదురుకునేలోపే తర్వాతి వాళ్ళు తలుపు దగ్గర ఉంటారు. తలా 10 నిమిషాలైతే 6 గంటల 40 నిమిషాలు. రెండు రోజులుగా విడదీయండి, నష్టమేమీ లేదు. ఇంకా ముఖ్యం, ఫోటో తీసే గదిలో సహోద్యోగులు ఉండకూడదు. ఫోటోగ్రాఫర్ వెనక నలుగురు నిలబడి జోకులేస్తుంటే మొహమాటస్తుడి ముఖం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వరుసలో కూర్చుని చూసే ఏర్పాటు అసలే వద్దు.

ఏమైనా అవసరాలుంటే ముందే చెప్పమని కూడా రాయాలి. వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్ళుంటే కెమెరా ఎత్తు, లైట్లు ముందే మార్చి పెట్టుకోవచ్చు. సరిగా వినపడని వాళ్ళకి సూచనలు చేతితో చూపించొచ్చు. అప్పటికప్పుడు అందరి ముందూ అడిగితే వాళ్ళకి ఇబ్బంది.

రీటచింగ్ గురించి షీట్లు మౌనం. చాలామంది పాటించే పద్ధతి సింపుల్‌గా ఉంటుంది: కొద్ది రోజుల్లో పోయేవి తీసేస్తారు, ఎప్పటికీ ఉండేవి ఉంచుతారు. మొటిమ పోతుంది, పుట్టుమచ్చ ఉంటుంది. ఇది ముందే రాసి, ఎవరైనా వేరేగా కోరుకుంటే చెప్పమంటే సగం మంది ఉదయాన్నే మొటిమ చూసుకుని సెలవు పెట్టాలనుకోరు. ఫోటో ఎవరు ఎంచుకుంటారు? ఉద్యోగే ఎంచుకోవాలి, కనీసం రెండు మూడింటిలోంచి. ఫోటో ఎలాగూ చిన్న గుండ్రంలో కనిపిస్తుంది కాబట్టి, ఆ సైజులోనే చూపించి అడగండి. పెద్ద స్క్రీన్ మీద చూపిస్తే ముఖం వదిలేసి చర్మరంధ్రాలు లెక్కపెడతారు.

మొత్తం మీద నా మార్కులు పదికి నాలుగు. బట్టలకి మూడున్నర, నిద్రపొమ్మన్నందుకు అర. కనపడిన షీట్లలో ఇంకో ఖాళీ కూడా ఉంది, అది షూట్ అయిపోయాకే బయటపడుతుంది. ఫోటో ఎక్కడెక్కడ వాడతారు, ఉద్యోగం మానేశాక వెబ్‌సైట్ నుంచి ఎప్పుడు తీసేస్తారు, ఆ మనిషి దాన్ని తన సొంత ప్రొఫైల్‌కి వాడుకోవచ్చా లేదా. మీ ఆఫీసు షీట్‌లో ఈ మూడూ లేకపోతే, కెమెరా ముందు కూర్చునే ముందే మెయిల్‌లో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.