పోయింది డయోడా, డ్రైవరా?

అందరికీ నమస్కారం. లేజర్ గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా 1960లో మైమన్ తొలి లేజర్‌ను వెలిగించిన రూబీ కడ్డీ దగ్గర మొదలుపెడతారు. నేను అంత వెనక్కి వెళ్లను. మన టేబుళ్ల మీదున్న లేజర్లు వెలగడం మానేస్తే ఏం చేయాలన్నదే ఈరోజు విషయం. అది డీవీడీ రైటర్‌లోంచి తీసిన ఎర్ర డయోడ్ కావచ్చు, చెక్క మీద పేర్లు చెక్కే నీలం మాడ్యూల్ కావచ్చు. వెలగకపోతే మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట ‘డయోడ్ పోయింది’, అంటే కాంతి పుట్టించే భాగమే పోయిందని. వెంటనే కొత్తది తెప్పిస్తారు, పాత డ్రైవర్‌కే, అంటే డయోడ్‌కు కరెంటు అందించే బోర్డుకే తగిలిస్తారు, అదీ పోతుంది. అప్పుడు డయోడ్ అమ్మినవాడిని తిడతారు. పాపం, అతని తప్పేం లేదు.

ముందు కళ్ల సంగతి తేల్చేద్దాం. అర వాటు దాటిన లేజర్ క్లాస్ 4 కిందికి వస్తుంది. దాని కిరణం సూటిగా తగలనక్కర్లేదు, గోడ మీద పడి చెదిరిన వెలుగు కూడా కంటిని దెబ్బతీయగలదు. గాగుల్స్ కొనేటప్పుడు రంగు నచ్చిందా లేదా అని చూడకండి, దాని మీద రాసిన నానోమీటర్లు చూడండి. 450 నానోమీటర్ల నీలానికి పనికొచ్చే నారింజ రంగు అద్దం 650 ఎరుపును హాయిగా లోపలికి వదిలేస్తుంది. ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అంటే కాంతిని ఎంత ఆపుతుందన్న కొలత) 4 అని ఉంటే ఆ తరంగదైర్ఘ్యంలో పదివేలవ వంతు మాత్రమే లోపలికి వస్తుందని లెక్క.

ఆకుపచ్చ పాయింటర్‌ను విప్పేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. చాలా పాయింటర్లలో లోపలున్నది 808 నానోమీటర్ల డయోడ్. అది ఒక క్రిస్టల్‌లో 1064 పుట్టిస్తుంది, ఇంకో క్రిస్టల్ దాన్ని 532 ఆకుపచ్చగా మారుస్తుంది. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఒక చవక పాయింటర్‌ను కొలిచింది. ఆకుపచ్చ వెలుగు మసకగా ఉంది కానీ, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ మాత్రం 20 మిల్లీవాట్ల దాకా వస్తోంది. లోపల ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ లేదు. కాబట్టి ‘ఎలాగూ వెలగడం లేదు కదా’ అని లోపలికి తొంగి చూడటం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

ఇక డ్రైవర్ ఎందుకంత ముఖ్యం? లేజర్ డయోడ్ ఒక కరెంటు దాకా మామూలు ఎల్‌ఈడీలా మినుకుమంటుంది. ఆ హద్దు దాటగానే కాంతి నిట్టనిలువుగా పెరుగుతుంది. ఆ దశలో వోల్టేజ్ కాస్త పెరిగినా కరెంటు బోలెడంత పెరుగుతుంది. పైగా డయోడ్ వేడెక్కేకొద్దీ దానికి కావలసిన వోల్టేజ్ తగ్గుతుంది. అంటే వోల్టేజ్ అంతే ఉన్నా కరెంటు తనంతట తానే ఎక్కుతుంది. అందుకే దానికి స్థిరమైన కరెంటు కావాలి. రెప్పపాటు కూడా అక్కర్లేదు, అంతకంటే ఎంతో తక్కువసేపు కరెంటు ఎగిసినా చాలు, డయోడ్ చివరనున్న బుల్లి అద్దం లాంటి ముఖం కరిగిపోతుంది. ఆ తర్వాత కూడా డయోడ్ వెలుగుతుంది కానీ ఎల్‌ఈడీలా నీరసంగా వెలుగుతుంది. ఎంత ఫోకస్ చేసినా చుక్క రాదు. కరెంటు సరిపడా అందుతున్నా ఇలాగే ఉంటే డయోడ్ మీద ఆశ వదులుకోండి. అసలు ఏమీ వెలగకపోతే మాత్రం ముందు అనుమానించాల్సింది బ్యాటరీ స్ప్రింగ్, స్విచ్, డ్రైవర్ బోర్డు.

మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి, ఏమీ చూపించలేదు కాబట్టి పోయినట్టే అనుకోవద్దు. నీలం డయోడ్‌కు 4 వోల్టులకు పైనే కావాలి. చాలా మీటర్లు ఆ మోడ్‌లో అంత ఇవ్వలేవు. బతికున్న డయోడ్‌ను కూడా చచ్చిందనే చెబుతాయి.

సరైన పరీక్ష లేజర్ డయోడ్ లేకుండా చేసేదే. మామూలు 1ఎన్4007 రెక్టిఫైయర్ డయోడ్లు వరుసగా కలిపి, వాటితో పాటు ఒక ఓం రెసిస్టర్ పెట్టండి. ఎర్ర లేజర్‌కు మూడు డయోడ్లు, నీలానికి ఆరు వేస్తే దాదాపు సరిపోతుంది. దీన్నే డమ్మీ లోడ్ అంటాం. డ్రైవర్‌కు దీన్ని తగిలించి, రెసిస్టర్ రెండు చివరల మధ్య మిల్లీవోల్టులు చూడండి. ఒక ఓం కాబట్టి ఎన్ని మిల్లీవోల్టులుంటే అన్ని మిల్లీఆంప్స్. అంకె నిలకడగా ఉందా? ప్రీసెట్‌ను (కరెంటు సర్దే చిన్న తిప్పుడు రెసిస్టర్‌ను) కాస్త కదిపితే ఎగిరి పడుతోందా? బోర్డును వేలితో మెల్లగా నొక్కితే మారుతోందా? మారితే ఎక్కడో సోల్డర్ చిట్లింది. బ్యాటరీ తిరగేసి పెట్టడం వల్ల పోయిన బోర్డులూ తక్కువేం కాదు. ఆ కేసులో డయోడ్‌ను కూడా అనుమానించాల్సిందే, రివర్స్ వోల్టేజ్‌ను అది అసలు ఓర్చుకోదు.

బాగుచేయాలా, మార్చేయాలా? సోల్డర్, ప్రీసెట్, కెపాసిటర్ వరకైతే బాగుచేయండి. మెయిన్ ఐసీ మాడి, దాని మీద నంబర్ కూడా గీకేసి ఉంటే నా సలహా ఒక్కటే: బోర్డు పక్కన పడేయండి. దాని వెంట పడితే రోజులు గడుస్తాయే కానీ పని జరగదు.

ఎర్ర డయోడ్‌కు డ్రైవర్ మనమే చేసుకోవచ్చు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఎల్ఎం317 అనే రెగ్యులేటర్ ఐసీ అడిగితే చాలు. అవుట్, అడ్జస్ట్ పిన్‌ల మధ్య రెసిస్టర్ పెట్టి, అడ్జస్ట్ వైపు నుంచి డయోడ్‌కు ఇవ్వాలి. 1.25ను ఆ ఓమ్స్‌తో భాగిస్తే కరెంటు వస్తుంది. ఐదు ఓమ్స్ అయితే 250 మిల్లీఆంప్స్. ప్రీసెట్ కావాలంటే దాన్ని ఒంటరిగా పెట్టకండి, వరుసలో ఒక ఫిక్స్‌డ్ రెసిస్టర్ ఉండాలి. లేకపోతే ప్రీసెట్ సున్నాకు తిరిగిన రోజు డయోడ్ కథ ముగిసినట్టే. డయోడ్‌కు రెండున్నర వోల్టులు, రెసిస్టర్‌కు 1.25, ఐసీకి ఓ రెండు వేసుకుంటే ఆరు దాకా కావాలి. రెండు లిథియం సెల్స్ పెట్టుకోండి. ఐసీ వెనకున్న లోహపు ట్యాబ్ అవుట్ పిన్‌కు కలిసి ఉంటుంది. దాన్ని నేరుగా లేజర్ బాడీకి బిగిస్తే షార్ట్ అయ్యే అవకాశం ఉంది, మధ్యలో మైకా ముక్క వేయండి.

నీలం మాడ్యూల్‌కు ఈ పద్ధతి వద్దు. 12 వోల్టుల సప్లై, నాలుగున్నర వోల్టుల డయోడ్, ఒక ఆంప్ కరెంటు అనుకోండి. మిగిలిన ఏడున్నర వాట్లూ ఉత్త వేడే. దానికి బక్ డ్రైవర్, అంటే వోల్టేజ్‌ను అంత వేడి పుట్టించకుండా తగ్గించే బోర్డు కొనుక్కోవడమే మేలు. కొన్ని బోర్డుల్లో లేజర్ వెలుగును అదుపు చేసే పీడబ్ల్యూఎం వైరు ఊడితే లేజర్ ఆగదు, పూర్తిగా వెలుగుతుంది. కొన్న రోజే డమ్మీ లోడ్ మీద ఆ వైరు పీకి చూడండి.

డ్రైవర్ బాగుందని తేలాక కూడా తొందరపడితే మొదటికే మోసం వస్తుంది. డ్రైవర్ అవుట్‌పుట్ కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉంటుంది. పవర్ తీసేసి, అవుట్‌పుట్ రెండు కొసలనూ రెసిస్టర్‌తో కలిపి ఖాళీ చేశాకే డయోడ్ సోల్డర్ చేయండి. పవర్ ఉండగా వైరు తీసి మళ్లీ తగిలించడం నిషిద్ధం. వైరు ఊడగానే అవుట్‌పుట్ వోల్టేజ్ పైకెక్కి కూర్చుంటుంది, తగిలించగానే అదంతా డయోడ్ మీద పడుతుంది. కరెంటు కొలిచే మీటర్ ప్రోబ్ జారినా జరిగేది ఇదే. అందుకే ఆ ఒక ఓం రెసిస్టర్‌ను డయోడ్‌తో వరుసలో సోల్డర్ చేసి ఉంచి, మీటర్‌ను దాని మీదే పెట్టమంటాను. తక్కువ కరెంటుతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. మాడ్యూల్ బాడీ చేయి పెట్టలేనంత వేడెక్కితే అక్కడితో ఆపి, హీట్ సింక్ సంగతి చూసుకోండి.

ఇక్కడ టేబుల్ మీద రెండు డ్రైవర్లు, ఒక డమ్మీ లోడ్ ఉన్నాయి. రెండింటిలో ఒకటి చెడిపోయింది. ఏదో నేను చెప్పను, వచ్చి మీరే కొలిచి చూడండి.