సిలబస్‌లో క్రియలు చూడండి

(అనంతపురంలో ఇంజినీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సీసీఎన్‌ఏకి, అంటే సిస్కో కంపెనీ పెట్టే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్షకి, ఎలా చదవాలో చెప్పమని నన్ను పిలిచారు. అది మీ సార్లు నాకంటే బాగా చెబుతారు. ఏది చదవాలి, ఏది వదిలేయాలి అన్నది మాత్రం నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఫీజు మూడు వందల డాలర్లు. తప్పితే మళ్లీ మొత్తం కట్టాల్సిందే.

2021లో మొదటిసారి రాశాను. ఒక సీనియర్ ఇచ్చిన జిరాక్స్ నోట్స్ నమ్ముకుని ఈఐజీఆర్‌పీ (రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఒక పద్ధతి) మీద రెండు వారాలు కూర్చున్నాను. 2020 ఫిబ్రవరి 24 నుంచే పరీక్ష 200-301 అనే కొత్త నంబరుతో మారిపోయింది. ఈఐజీఆర్‌పీని కాన్ఫిగర్ చేయమని అందులో ఎక్కడా లేదు. తప్పు నోట్స్‌ది కాదు, అది పాతది. నేనే తేదీ చూసుకోలేదు. ఆ తర్వాత 2024 ఆగస్టులో 1.1 వెర్షన్ కూడా వచ్చింది. అందుకే పుస్తకం కొనేముందు సిస్కో సైట్‌లో టాపిక్స్ కాగితం ప్రింట్ తీసుకోండి.

అందులో ఆరు భాగాలు, పక్కన శాతాలు ఉంటాయి. ఐపీ కనెక్టివిటీ 25, నెట్‌వర్క్ ఫండమెంటల్స్ 20, నెట్‌వర్క్ యాక్సెస్ 20, సెక్యూరిటీ 15, ఐపీ సర్వీసెస్ 10, ఆటోమేషన్ 10. చాలామంది ఈ శాతాలు చూసి టైంటేబుల్ వేసుకుంటారు. నేనైతే ప్రతి వరుసలో మొదటి మాట, అంటే ఏం చేయాలో చెప్పే క్రియ, చూడమంటాను. అక్కడ ‘కాన్ఫిగర్ అండ్ వెరిఫై’ అని ఉంటే కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ తెరవాలి, చేతులు అరిగేదాకా కొట్టాలి. ‘డిస్క్రైబ్’ అని ఉంటే ఎవరైనా అడిగినప్పుడు నాలుగు ముక్కల్లో చెప్పగలిగితే సరిపోతుంది.

ఐపీ సర్వీసెస్‌నే తీసుకోండి. నాట్ (ఐపీ అడ్రసులు మార్చేది), ఎన్‌టీపీ (గడియారాలు సరిచేసేది) కాన్ఫిగర్ చేయాలి. పరికరాలను దూరం నుంచి గమనించే ఎస్ఎన్ఎంపీ పనేమిటో వివరిస్తే చాలు. రెండింటికీ చెరో వారం ఇస్తే ఒక వారం దండగ. గేట్‌వే పడిపోతే ఇంకో రూటర్ అందుకునే ఎఫ్‌హెచ్‌ఆర్‌పీ ఉంది చూశారా, అదీ ‘డిస్క్రైబ్’ జాబితాలోదే. ఆటోమేషన్ పేరు చూసి హడలిపోయి నెల రోజులు పైథాన్ నేర్చుకున్నవాళ్లను చూశాను. నేర్చుకోండి, ఉద్యోగంలో పనికొస్తుంది. ఈ కాగితం అడిగేది మాత్రం జేసన్ (ప్రోగ్రాములు సమాచారం రాసుకునే ఒక పద్ధతి) డేటాలో ఏది ఏమిటో గుర్తుపట్టమని.

ఇక ఎక్కువ సమయం ఎక్కడ పెట్టాలంటే, రూటింగ్ టేబుల్ దగ్గర, అంటే ఏ అడ్రసుకు ఏ దారో రూటర్ రాసుకునే పట్టిక దగ్గర. 10.10.0.0/16కి స్టాటిక్ రూట్, అంటే మనం చేత్తో రాసిన దారి, ఉంది. 10.10.5.0/24 ఓఎస్‌పీఎఫ్ ద్వారా, అంటే పక్క రూటర్లు చెప్పుకోగా, తెలిసింది. 10.10.5.7కి ప్యాకెట్ ఎటు పోతుంది? స్టాటిక్‌కి అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (దారి ఎవరు చెప్పారో వాళ్లను ఎంత నమ్మాలో చెప్పే అంకె, తక్కువైతే నమ్మకం ఎక్కువ) 1, ఓఎస్‌పీఎఫ్‌కి 110 కాబట్టి స్టాటిక్ వైపే అని మీలో సగం మంది అనుకుంటున్నారు. నేనూ అలాగే టిక్కు పెట్టాను. మన బస్టాండులో ‘తిరుపతి’ బోర్డున్న బస్సు ఒకటి, ‘కదిరి’ బోర్డున్నది ఒకటి ఆగి ఉన్నాయి. మీరు కదిరిలో దిగాలి. తిరుపతి బస్సు గురించి చెప్పినాయన ఎంత నమ్మకస్థుడైనా కదిరి బోర్డు చూసే ఎక్కుతారు. రూటరూ అంతే. ముందు పొడవైన ప్రిఫిక్స్ (అడ్రసులో నెట్‌వర్క్ భాగం; /16, /24 దాని పొడవే) చూస్తుంది, కాబట్టి ప్యాకెట్ /24 వైపు పోతుంది. ఒకే ప్రిఫిక్స్‌కి రెండు దారులు దొరికినప్పుడే డిస్టెన్స్ మాట వస్తుంది.

సబ్‌నెట్టింగ్, అంటే నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలు చేయడం, దానిది వేరే లెక్క. కాగితంలో అది చిన్న వరుస. కానీ ఏ ప్యాకెట్‌ని వదలాలో చెప్పే ఏసీఎల్‌లో, ఓఎస్‌పీఎఫ్‌లో, నాట్‌లో, అన్నింట్లో అదే తగులుతుంది. 192.168.10.77/27 ఏ నెట్‌వర్క్‌లో ఉంది? 192.168.10.64. అందులో అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ అడ్రసు? 192.168.10.95. కాగితం, పెన్ను లేకుండా ఇరవై సెకన్లలో రావాలి. నూట ఇరవై నిమిషాల పరీక్ష, వెనక్కి వెళ్లి ప్రశ్న దిద్దుకునే వీల్లేదు. సబ్‌నెట్టింగ్ దగ్గర టెన్షన్ పడితే ల్యాబ్ ప్రశ్నలకు టైం మిగలదు.

ఒక్క మాట, కాగితంలో లేనిది అసలు రాదని కాదు. సంబంధమున్న విషయాలు రావచ్చని వాళ్లే పైన రాశారు. అందుకని ‘డిస్క్రైబ్’ వరుసలను ఒక్కసారైనా చదవకుండా పోకండి.

సరే, మీకు పంచిన కాగితం తీయండి. చివరి బెంచీలో కూర్చున్న తమ్ముడూ, మూడో భాగం నాలుగో వరుస చదువు. మొదటి మాట ఏముందప్పా?